పిల్లి మూత్రకోశ వ్యాధికి ఏ తిండి పెట్టాలి: సంచి మీద పేరు కంటే ముందు చూడవలసినవి

హనుమకొండలోనూ వరంగల్‌లోనూ పెంపుడు జంతువుల దుకాణాలు ఈ కొన్నేళ్లలో బాగా పెరిగాయి. వాటిలో చాలాచోట్ల "యూరినరీ" అని రాసి ఉన్న పిల్లి తిండి సంచులు కంటికి ఎదురుగా ఉండే అరలోనే కనిపిస్తాయి. పిల్లికి మూత్రం సరిగా రావడం లేదని చెప్పగానే "ఇది పెట్టుండ్రి అన్నా, మూత్రం బీమారికి ఇదే నడుస్తది" అని ఆ సంచి చేతికిస్తారు. కొన్నవారు వైద్యం మొదలైందనే ధైర్యంతో ఇంటికి వెళ్తారు. ఆ ధైర్యానికి ఆధారం ఎంత అన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్న సంగతి. నా అభిప్రాయం ముందే చెబుతాను. మూత్రకోశ వ్యాధి ఉన్న పిల్లికి తిండి ఎంచుకోవడం జబ్బు ఏమిటో తేలిన తర్వాత చేయవలసిన పని. ఆ జబ్బు ఏదైనా సరే, తిండిలో ఎంత నీరు ఉందన్నది సంచి మీద ఏ పేరు ఉందన్నదాని కంటే ముందు చూడాలి.

అయితే తిండి ప్రసక్తే రాకూడని పరిస్థితి ఒకటి ఉంది, దాన్ని మొదట చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. మగపిల్లి మూత్రమార్గం చివరికి వచ్చేసరికి చాలా సన్నబడుతుంది. అక్కడ ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు కలిసిన ముద్ద అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. పిల్లి లిట్టర్ ట్రేలో, అంటే దాని మలమూత్రాలకు మట్టి పోసి పెట్టిన పళ్లెంలో, వెనక కాళ్లు వంచి కూర్చుంటుంది, నిమిషాల తరబడి ముక్కుతుంది, లేచి మట్టి గీకి మళ్లీ అదే చోట కూర్చుంటుంది. ఒక చుక్క పడితే పడుతుంది, లేకపోతే లేదు. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి మలబద్ధకం అనుకుని నెయ్యి నాకించడం, ఆముదం పట్టించడం నేను విన్నాను. ఆగిన మూత్రం వల్ల రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పొట్ట కింద గట్టిగా నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగులుతూ, పిల్లి వాంతులు చేసుకుంటూ, మూలన దాక్కుంటూ ఉంటే అది అర్ధరాత్రి అయినా సరే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లవలసిన స్థితి. మత్తు ఇచ్చి సన్నని గొట్టంతో ఆ అడ్డు తొలగించాలి. ఏ తిండీ ఆ పని చేయలేదు.

అంత ప్రమాదం లేని పిల్లుల్లో కనిపించే లక్షణాలు మనల్ని మోసం చేస్తాయి. మాటిమాటికీ ట్రేలోకి పోవడం, మూత్రం పోసేటప్పుడు అరవడం, స్నానాల గదిలో తెల్ల టైల్స్ మీద లేత గులాబీ రంగు చుక్కలు, ఆ భాగాన్ని అదేపనిగా నాక్కోవడం: కారణం ఏదైనా పైకి కనిపించేవి ఇవే. కారణాలు మాత్రం వేరువేరు. పదేళ్లలోపు పిల్లుల్లో సగానికి పైగా కేసుల్లో రాయీ ఉండదు, సూక్ష్మక్రిమీ ఉండదు. మూత్రాశయం గోడ వాచి, రక్తం చిమ్ముతుంది. కారణం ఇదీ అని తేలని ఈ వాపునే డాక్టర్లు ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. ఆ తర్వాత రాళ్లు. వాటిలో ముఖ్యమైనవి రెండు: మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడే స్ట్రువైట్ ఒకటి, కాల్షియం ఆక్సలేట్ ఇంకొకటి. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ చిన్న వయసు, నడివయసు పిల్లుల్లో అరుదు. పదేళ్లు దాటిన వాటిలో, మధుమేహమో కిడ్నీ జబ్బో ఉన్న వాటిలో ఎక్కువ. యాంటీబయాటిక్ రాయించుకుంటే తగ్గిపోతుందనే నమ్మకం మనుషుల వైద్యం నుంచి పిల్లులకు అంటుకున్నది. ఇడియోపతిక్ వాపు చాలాసార్లు వారం రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది కాబట్టి, ఆ వారంలో ఏ మందు వాడితే దానికే పేరు వస్తుంది. సంచి మార్చినా అంతే, ఆ సంచికే పేరు వస్తుంది.

ఈ రెండు రకాల రాళ్ల మధ్య ఉన్న తేడాయే నా వాదనకు మూలం. స్ట్రువైట్ మూత్రం క్షారం వైపు మొగ్గినప్పుడు, అంటే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 దాటినప్పుడు కట్టుకుంటుంది. మూత్రాన్ని కొద్దిగా ఆమ్లంగా, పలచగా చేసి, తిండిలో మెగ్నీషియం, ఫాస్ఫరస్ తగ్గిస్తే కరిగిపోతుంది. పిల్లుల్లో ఈ రాయి దాదాపు ఎప్పుడూ ఇన్ఫెక్షన్ లేకుండానే వస్తుంది కాబట్టి, సరైన తిండితో సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో ఎక్స్‌రేలో మాయమవుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు. 2016లో అమెరికా పశువైద్య అంతర్గత వైద్య నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా స్ట్రువైట్ అనుకున్న రాయిని ముందు తిండితో కరిగించడానికి ప్రయత్నించాలనే ఉంది. కాల్షియం ఆక్సలేట్ అలా కాదు. ఏ తిండి పెట్టినా అది కరగదు. మూత్రాన్ని మరీ ఆమ్లంగా మారిస్తే ఎముకల నుంచి కాల్షియం మూత్రంలోకి దిగి, ఆ రాయికే మేలు జరిగే అవకాశం ఉంది. ఒక రాయికి మందయినది ఇంకొక రాయికి మేత కాగలదన్నమాట.

ఇది ఊహ కాదు, చరిత్ర. 1970లు, 80ల్లో పిల్లుల మూత్ర వ్యాధికి తిండిలోని బూడిద (తిండిని కాల్చితే మిగిలే ఖనిజాలు), మెగ్నీషియం కారణమని గట్టిగా నమ్మారు. తిండిలో మెగ్నీషియం ఆక్సైడ్ కలిపితే పిల్లులకు స్ఫటికాలు కట్టాయి. అదే మెగ్నీషియాన్ని క్లోరైడ్ రూపంలో ఇస్తే కట్టలేదు. ఆక్సైడ్ మూత్రాన్ని క్షారంగా మార్చడమే అసలు కారణమని తర్వాత తేలింది. దాంతో తయారీదారులు మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్లంగా మార్చే తిండ్లను బజారు నిండా దింపారు. స్ట్రువైట్ నిజంగానే తగ్గింది. కానీ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కార్ల్ ఆస్బోర్న్ 1981లో ప్రారంభించిన రాళ్ల పరీక్షా కేంద్రం లెక్కలు ఇంకో కథ చెప్పాయి. మొదట్లో అక్కడికి వచ్చే పిల్లి రాళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా స్ట్రువైటే, ఆక్సలేట్ నామమాత్రం. 2000 వచ్చేసరికి సగానికి పైగా ఆక్సలేట్. ఈ మార్పుకు తిండి ఒక్కటే కారణమని ఎవరూ తీర్మానించలేదు. ఇంట్లోనే కట్టడిగా బతకడం, లావెక్కడం, కొన్ని జాతుల స్వభావం కూడా లెక్కలోకి వచ్చాయి. అయినా అందరికీ ఒకటే మందు తిండి అనే ఆలోచన ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఆ ఇరవై ఏళ్ల అనుభవం చాలు. ఇప్పటికీ మన దుకాణాల్లో "బూడిద తక్కువ" అని గొప్పగా చెప్పే సంచులు కనిపిస్తుంటాయి. అది కాలం చెల్లిన కొలమానం.

మా వీధిలోనే రెండు పిల్లులు ఈ తేడాకు నిదర్శనంగా ఉన్నాయి. మా సోము నాటు పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగది, కాస్త లావు. వాడి మూత్రాశయంలో రాళ్లు కనిపించినప్పుడు వయసు, మూత్రం పీహెచ్, స్ఫటికాల ఆకారం చూసి డాక్టరు గారు స్ట్రువైట్ అయి ఉంటుందన్నారు. కరిగించే తిండి రాసి, మళ్లీ ఎక్స్‌రేకు రమ్మన్నారు. ఎక్స్‌రేలో రాళ్లు చిన్నబడటం, ఆ తర్వాత లేకుండా పోవడం కళ్లారా చూశాం. పక్కింటి వదినగారిది పర్షియన్ ఆడపిల్లి. దానికీ అవే లక్షణాలు, అవే రక్తపు చుక్కలు. దుకాణంలో ఇచ్చిన సంచి నెలల తరబడి పెట్టారు. రాయి పెరుగుతూనే వచ్చింది. చివరికి ఆపరేషన్ చేసి తీసి పరీక్షకు పంపితే అది కాల్షియం ఆక్సలేట్. పర్షియన్, హిమాలయన్ జాతుల్లో ఈ రాయి ఎక్కువని తెలిసినవారు ఎవరైనా మొదటే దాన్ని అనుమానించేవారు. ఆ మూగజీవి నెలల తరబడి పడిన నొప్పి గుర్తొస్తే ఇప్పటికీ నాకు కోపం ఆగదు. పరీక్ష లేకుండా మందు తిండి అమ్మడం మందు అమ్మడంతో సమానమేనని, దానికి తగిన బాధ్యత కూడా ఉండాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు నీటి సంగతి. రాయి ఏదైనా, రాయి లేని వాపైనా, అన్నింటికీ ఉమ్మడిగా పనికొచ్చేది పలచని మూత్రం ఒక్కటే. మన ఇంటి పిల్లుల పూర్వీకులు ఎడారి అంచుల్లో బతికిన అడవి పిల్లులు. వాటికి నీరు వేట మాంసంలోనే దొరికేది. అందుకే పిల్లి కిడ్నీలు మూత్రాన్ని మన కంటే రెండు రెట్లకు పైగా చిక్కబరచగలవు, అందుకే దానికి దాహం వేయడం కూడా ఆలస్యమే. నాలుగు కిలోల పిల్లికి అన్ని రకాలుగా కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. డ్రై ఫుడ్‌లో తేమ 8 నుంచి 10 శాతం. ఆ పిల్లి రోజుకు 55 గ్రాముల డ్రై ఫుడ్ తింటే దాని నుంచి వచ్చే నీరు ఐదారు మిల్లీలీటర్లకు మించదు. మిగిలినదంతా గిన్నె దగ్గరికి వెళ్లి తాగాలి. వెట్ ఫుడ్‌లో తేమ 75 నుంచి 80 శాతం. అంతే శక్తినిచ్చే వెట్ ఫుడ్ 220 గ్రాముల పైన ఉంటుంది, అందులోనే 170, 180 మిల్లీలీటర్ల నీరు కడుపులోకి పోతుంది. డ్రై ఫుడ్ తినే పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతుంది నిజమే, కానీ మొత్తం లెక్క చూస్తే వెట్ ఫుడ్ తినే పిల్లిని అందుకోలేదు. నిపుణులు పిల్లి మూత్రం విశిష్ట సాంద్రత (నీటితో పోల్చి చూసే చిక్కదనం) 1.030 కంటే తక్కువ ఉండేలా చూడమంటారు. డ్రై ఫుడ్ మాత్రమే తినే పిల్లుల్లో అది 1.050 దాటి ఉండటం మామూలే.

మన ఉత్తర తెలంగాణలో ఈ లెక్కకు ఇంకా బరువు ఉంది. మే నెలలో వరంగల్, రామగుండం వైపు ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. కూలర్ ముందు పడుకుని లేవని పిల్లి రోజుకు ఎన్నిసార్లు నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్తుందో గమనించండి. పట్టుమని నాలుగుసార్లు వెళ్లదు. మా ఇంట్లో ఇప్పుడు నీళ్ల గిన్నెలు మూడు చోట్ల ఉంటాయి, ఏదీ అన్నం గిన్నె పక్కన గానీ లిట్టర్ ట్రే పక్కన గానీ ఉండదు. వెడల్పుగా, మీసాలు అంచుకు తగలనివి, స్టీలువి. పొద్దున, సాయంత్రం నీళ్లు మార్చడం తప్పనిసరి. ఇంతా చేసి చెబుతున్నాను: గిన్నెలతో వచ్చే లాభం కొద్దిగానే, తిండిలో కలిపి పంపిన నీరే లెక్కకు వస్తుంది. దాన్ని కొలవడానికి నాకు తెలిసిన తేలిక మార్గం లిట్టర్ ట్రేలోనే ఉంది. గడ్డకట్టే రకం మట్టి వాడితే, మూత్రం పడిన చోట ముద్ద కడుతుంది. చెంచాతో తీసేటప్పుడు ఆ ముద్దల సైజు, లెక్క గమనిస్తే చాలు. వెట్ ఫుడ్ మొదలుపెట్టాక సోము ముద్దలు రెండింతలయ్యాయి, వాసన తగ్గింది.

బోరు నీళ్లు తాగించడం వల్లే రాళ్లు కడుతున్నాయని, ఫిల్టర్ నీళ్లు పెడితే పోతుందని మన దగ్గర గట్టి నమ్మకం ఉంది. నీటి గట్టిదనానికీ పిల్లి రాళ్లకూ ముడిపెట్టే బలమైన ఆధారం లేదు. మిషన్ భగీరథ నీళ్లయినా, బోరు నీళ్లయినా, క్యాన్ నీళ్లయినా పిల్లి ఏవి ఎక్కువ తాగితే అవి మంచివి.

వెట్ ఫుడ్ ఖరీదు సంగతి నాకు తెలుసు. పౌచ్‌లు 70, 85 గ్రాములవి ఉంటాయి. నాలుగు కిలోల పిల్లికి రోజుకు మూడు కావాలి. మందు తిండి పౌచ్ అయితే మామూలు పౌచ్ కంటే రెండు మూడు రెట్లు. నెల జీతం మీద బతికే ఇంటికి అది భారమే. రాళ్లు కరిగించే వారాల్లో మాత్రం ఆ భారం మోయక తప్పదు, ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే అది తక్కువే. తర్వాతి నిర్వహణకు సగం సగం చేసుకోవచ్చు, లేదా డ్రై ఫుడ్‌కు రెండింతల గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టి పెట్టవచ్చు. ఎండాకాలంలో నానిన తిండి త్వరగా పులుస్తుంది కాబట్టి అరగంట, ముప్పావుగంటలో తినకపోతే పారేయాలి. ఒకటి గమనించండి: బజారులో దొరికే పౌచ్‌లన్నీ పూర్తి ఆహారం కావు. కొన్నింటి వెనక చిన్న అక్షరాల్లో ఇది అనుబంధ ఆహారం మాత్రమే అని రాసి ఉంటుంది. క్రీమ్ ట్యూబులు దాదాపు అన్నీ అలాంటివే. రోజూ అవే పెడితే పిల్లికి పోషకాలు చాలవు.

ఇక ఇంటి తిండి. "చేపలు పెడ్తే రాళ్లు అయితయంట గద బిడ్డా, బంద్ జేసిన" అని మా పెద్దమ్మ అన్నారు. చేప మొత్తాన్నీ తప్పు పట్టనవసరం లేదు. తప్పు ఎండు చేపది, ముళ్లతో సహా వేసే తలకాయలది. ముళ్లలో ఫాస్ఫరస్, మెగ్నీషియం దండిగా ఉంటాయి. ఎండు మెత్తళ్లలో నీరు ఉండదు, ఉప్పు లెక్క లేదు. కొన్ని మందు తిండ్లలో కూడా దాహం పెంచడానికి సోడియం ఎక్కువ వేస్తారు కదా, ఎండు చేపలో ఉప్పు చెడ్డదెలా అయిందని ఒకరు నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. మందు తిండిలో ఉప్పు కొలిచి వేస్తారు, మిగతా ఖనిజాలను దానికి తగినట్టు తగ్గిస్తారు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్న పిల్లులకు దాన్ని వద్దంటారు. ఎండు చేపకు ఆ కొలత ఏదీ లేదు. దానికి బదులు, ఏ చెరువు రవ్వయినా బొచ్చెయినా, ముళ్లు తీసిన ఒక ముక్కను ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ఏవీ వేయకుండా ఉడికించి, ఆ నీళ్లను వడగట్టి చల్లార్చి పిల్లి తిండిలో రెండు మూడు చెంచాలు కలపడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆ నీళ్ల కోసం సోము గిన్నె అడుగు దాకా నాకుతాడు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పులుసు మాత్రం ఎంత బతిమాలినా పెట్టకూడదు. అవి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పచ్చి చేప కూడా వద్దు. కొన్ని రకాల చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, అది ఉడికిస్తేనే పోతుంది.

పాలన్నం, పెరుగన్నం గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పిల్లి అంటే పాలే గుర్తొస్తాయి. పిల్లి మాంసాహారి. మాంసం తిన్న పిల్లి మూత్రం సహజంగానే ఆమ్లం వైపు ఉంటుంది. అన్నం, పప్పు ప్రధానమైతే క్షారం వైపు జరుగుతుంది, స్ట్రువైట్‌కు కావలసిందీ అదే. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా. శాకాహారుల ఇళ్లలో పిల్లిని కూడా శాకాహారిగా పెంచాలన్న కోరికను నేను గౌరవించగలను, అంగీకరించలేను. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పాల్ పియాన్, ఆయన సహచరులు టారిన్ అనే అమైనో ఆమ్లం తక్కువైతే పిల్లి గుండె కండరం పలచబడి విఫలమవుతుందని చూపించారు. అది మాంసంలో ఉంటుంది, అన్నంలో పెరుగులో సరిపడా ఉండదు. ఇంట్లో వండలేనివారు నాణ్యమైన తయారు తిండి కొని పెట్టవచ్చు; అప్పుడు వంటింటి ఆచారానికీ భంగం ఉండదు. ఇక చికెన్ దుకాణం నుంచి కార్జం తెచ్చి రోజూ పెట్టేవారు చాలామంది ఉన్నారు. కార్జం ఎక్కువైతే విటమిన్ ఏ పేరుకుని మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. ఉత్త చికెన్ ముక్కల్లో కాల్షియం బహు తక్కువ. ఇంటి వంటతో రాళ్లు కరిగించాలంటే పోషకాహార నిపుణుడు లెక్కగట్టి రాసిన వంటకం కావాలి, మన అంచనాలు దానికి సరిపోవు.

మనుషుల మందులు పిల్లికి వేయడం ఇంతకంటే పెద్ద ప్రమాదం. మూత్రంలో మంటకు మనం తాగే సిట్రేటు సిరప్ చాలా ఇళ్లలో ఉంటుంది. అది మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది. స్ట్రువైట్ ఉన్న పిల్లికి దాన్ని పట్టించడం రాయికి పాలు పోయడమే. ఆక్సలేట్ రాళ్లు మళ్లీ కట్టకుండా డాక్టర్లు పొటాషియం సిట్రేట్ రాస్తారు, అది రాయి ఏదో తెలిశాక, మోతాదు లెక్కగట్టి. కొండపిండి ఆకు కషాయం, ఉలవ కట్టు మన పెద్దలు కిడ్నీ రాళ్లకు వాడేవారు. అవి పిల్లి రాయిని కరిగిస్తాయని నమ్మడానికి ఆధారం లేదు, నోరు తెరిపించి బలవంతాన పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం మాత్రం ఉంది. నొప్పికి పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. ఈ వాక్యం చదివినవారు ఇంట్లో అందరికీ చెప్పాలని వేడుకుంటున్నాను.

డాక్టరు రాసిన మందు తిండికీ, సూపర్ బజారులో దొరికే "యూరినరీ కేర్" సంచికీ తేడా ఉంది. రాయల్ కేనిన్ యూరినరీ ఎస్ఓ, హిల్స్ సీడీ లాంటివి మూత్రం మీద వాటి ప్రభావాన్ని కొలిచి తయారు చేసినవి. మామూలు సంచి మీద మాట ఉంటుంది, ఆ కొలత ఉండకపోవచ్చు. మందు తిండి మొదలుపెడితే దాన్ని ఒంటరిగానే పెట్టాలి. పక్కన రెండు ముక్కల చికెన్, సాయంత్రం నాలుగు బిస్కట్లు వేస్తే లెక్క మొత్తం చెడుతుంది, వారాల్లో కరగవలసిన రాయి నెలల పాటు కూర్చుంటుంది. ఆమ్లం పెంచే తిండితో పాటు ఆమ్లం పెంచే మాత్రలు కలపకూడదు. కరిగించే రకం తిండి కూనలకు, చూలు పిల్లులకు, కిడ్నీ దెబ్బతిన్నవాటికి పనికిరాదు. తిండి మార్చడం వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా జరగాలి. ఆకలేస్తే అదే తింటుందని మొండికేయడం కుక్క విషయంలో చెల్లుతుందేమో, పిల్లి విషయంలో చెల్లదు. లావు పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు నిండి ప్రాణం మీదకు వస్తుంది.

రాయి లేని వాపు సంగతి మళ్లీ ఎత్తుకోవాలి, ఎందుకంటే సగం పైగా పిల్లులు ఆ కోవలోనివే. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ దశాబ్దాల పాటు ఈ వాపు మీద పనిచేసి, పరిసరాల వల్ల పిల్లికి కలిగే మానసిక ఒత్తిడి మూత్రాశయం లోపలి గోడ మీద ఎలా కనిపిస్తుందో చూపించారు. ఇంట్లో కొత్త పిల్లి రావడం, సున్నాలు వేయడం, దీపావళి పటాకులు, పండక్కి ఇల్లంతా చుట్టాలు: మనకు సంబురమైనవే దానికి రోగం తెప్పించగలవు. ఆయన బృందం 2006లో ప్రచురించిన పరిశీలనలో, దాక్కునే చోటు, ఎత్తున కూర్చునే అర, వేళకు ఆట, పిల్లికొక ట్రే చొప్పున ఇంకొకటి అదనంగా పెట్టడం లాంటి మార్పులతో లక్షణాలు గణనీయంగా తగ్గాయి. ఇలాంటి పిల్లికి వెట్ ఫుడ్ ఉపకరిస్తుంది. ఆమ్లం పెంచే సంచితో మాత్రం ప్రత్యేకంగా ఒరిగేది లేదు. పైగా ఒక తిండికి అలవాటు పడిన పిల్లికి ఉన్నట్టుండి తిండి మార్చడమే ఇంకో ఒత్తిడి.

బరువు గురించి ఒక మాట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మూత్రమార్గం సన్నబడుతుందని భయపడి చాలామంది దాన్ని మానుకుంటున్నారు. అది నిజం కాదు. ఆపరేషన్ తర్వాత ఆకలి పెరిగి, కదలిక తగ్గి పిల్లి లావెక్కుతుంది, ఆ లావే ముప్పు పెంచుతుంది. గిన్నె నిండా పోసి రోజంతా వదిలేయకుండా కొలిచి మూడు నాలుగు పూటలుగా పెడితే సరిపోతుంది.

వైద్యం విషయంలో మన ప్రాంతం మరీ వెనకబడి లేదు. మామునూరులో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది, జగిత్యాల జిల్లా కోరుట్లలో ఇంకొకటి ఉంది. హనుమకొండలో, కరీంనగర్‌లో ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. డాక్టరు గారి దగ్గరకు వెళ్లినప్పుడు ఏ తిండి పెట్టాలని అడిగే ముందు ఇది రాయా, వాపా, ఇన్ఫెక్షనా అని అడగండి. రాయి అయితే ఏ రకం అనుకుంటున్నారో, ఎందుకు అనుకుంటున్నారో అడగండి. ఆపరేషన్‌లో రాయి తీస్తే దాన్ని పారేయనివ్వకుండా పరీక్షకు పంపమనండి. తిండి మొదలుపెట్టిన నెల లోపు ఎక్స్‌రే, మూత్ర పరీక్ష మళ్లీ చేయించండి. రాయి ఏమాత్రం తగ్గకపోతే అది స్ట్రువైట్ కాదేమో అని ఆలోచించవలసిన సమయం అది. మూత్రం ఇంటి దగ్గర పట్టి తీసుకెళ్తే అరగంట, గంటలోపు సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తీసుకెళ్లిన మూత్రంలో, చల్లబడటం వల్లనే, పిల్లి ఒంట్లో లేని స్ఫటికాలు కట్టి కనిపిస్తాయి. ఆ కాగితం పట్టుకుని మందు తిండి మొదలుపెట్టడం కంటే, క్లినిక్‌లోనే అల్ట్రాసౌండ్ చూస్తూ మూత్రాశయం నుంచి సూదితో తీయించి అప్పటికప్పుడు చూడమనడం మేలు.